శుభ్రమైన గుడ్లు

పద్మనాభం,
12-6-1996

అమ్మలూ గౌరీశ్వరీ,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. చదివాను. మీ అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ వినిపించాను. ఆ తర్వాత బస్సులు ఆగే చోట టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళందరికీ వినిపించాను. విశాఖపట్నం అంత ఊళ్ళో దొరకని గుడ్లు మన పెరట్లో దొరుకుతాయని మా అమ్మాయి పనిచేసే లేబరేటరీ వాళ్ళే అడిగారంటే ఇంక నాకేం కావాలి చెప్పు! మన కోళ్ళు చోళ్ళూ నూకలూ తప్ప ఎరగవు. మందు కలిపిన దాణా వాటి ముత్తవ్వలు కూడా ఎరగరు.

కడుపులో బిడ్డ నిలవని ఆడవాళ్ళకి రక్తం పరీక్ష చేసి, ఇదిగో ఈ పురుగు వల్లే అని తేల్చి చెప్తారనీ, ఆ పురుగుని నువ్వే గుడ్లలో పెంచుతావనీ రాశావు. మా గౌరి గుడ్లలో పురుగులు పెంచుతుందని అందరికీ చెప్పాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ముప్ఫై ఆరు గుడ్లు ఊకలో సర్ది పంపుతున్నాను. పోర్టులో ముప్ఫై ఏళ్ళు కళాసీగా బస్తాలూ పెట్టెలూ మోసినవాణ్ణి, పగిలే సరుకు ఎలా కట్టాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బుట్టకి నాలుగు వైపులా పైకి బాణం గుర్తు వేశాను. మన వీధి అప్పలసూరి రోజూ ఎనిమిదింటి బస్సుకి పనికి వెళ్తాడు కదా, గోపాలపట్నంలో దిగి నీ చేతికే ఇస్తాడు. వాడికి ఎన్ని జాగ్రత్తలు చెప్పానంటే, చివరికి వాడు విసుక్కుని, "బావా, కిటికీ పక్క సీటు నాకా, బుట్టకా? ముందే సెప్పీ, నాను నిలబడిపోతాను" అన్నాడు.

ఆనందంతో,
మీ నాన్న గవర్రాజు


గోపాలపట్నం,
14-6-1996

నాన్నా,

గుడ్లు చేరాయి. ఒక్కటి కూడా పగల్లేదు. కానీ బుట్ట మీద ఎర్ర పెయింటుతో "డాక్టరు గౌరీశ్వరి" అని రాయించావు. నేను డాక్టరుని కాను. టెక్నీషియన్ని. మా లేబరేటరీ పెద్ద గురునాథరావు గారు అది చూసి, పొద్దున్నుంచి నాలుగుసార్లు "నమస్కారం డాక్టరు గారూ" అన్నారు. దయచేసి ఆ అక్షరాలు చెరిపెయ్యి.

ఇంకోటి. అది పురుగు కాదు. కంటికి కనబడదు. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నటి నెలవంకలా ఉంటుంది. దాన్ని పరాన్నజీవి అంటారు. బతికున్న దేహంలోనే బతుకుతుంది, సీసాలో పోసి దాచుకోవడానికి వీల్లేదు. అందుకని పది రోజులు పొదిగించిన గుడ్డుకి చిన్న కన్నం పెట్టి, లోపలి పొర మీద ఒక చుక్క వేసి, మైనంతో మూసేస్తాం. వారం తర్వాత ఆ పొర తీసి, కొంత పరీక్షకి వాడుకుని, కొంత ఇంకో గుడ్డులోకి మారుస్తాం. ఇలా వారం వారం మార్చుతూనే ఉండాలి. ఒక్క వారం తప్పినా దాని వంశం తెగిపోతుంది. ఫారం గుడ్లలో పెడితే, కోళ్ళకి వేసిన మందు గుడ్డులోకి దిగి దాన్ని చంపేస్తోంది. అందుకే మన గుడ్లు అడిగాను.

ఈ ఏడాది చివరిదాకా చూస్తామన్నారు. ఈలోపు తెగిపోతే మళ్ళీ తెప్పించరు. పరీక్ష మూసేస్తారు, నన్ను తీసుకెళ్ళి మళ్ళీ మూత్రం సీసాల దగ్గర కూర్చోబెడతారు.

కాబట్టి చెప్పినట్టు చెయ్యి. పెట్టి నాలుగు రోజులు దాటనివి, ఎండ తగలనివి, శుభ్రమైనవి మాత్రమే పంపు. శుభ్రం చాలా ముఖ్యం. టీ కొట్టు దగ్గర ఉపన్యాసాలు వద్దు.

గౌరి


పద్మనాభం,
20-6-1996

అమ్మలూ,

పెయింటు చెరిపేశాను. "డాక్టరు" పోయింది గాని "డా" కొంచెం కనిపిస్తోంది, నా తప్పు కాదు, పెయింటు మంచిది.

పురుగు కాదని అందరికీ చెప్పాను. పరాన్నజీవి అన్నాను. అదేమిటని అడిగితే, పరాయి అన్నం తిని బతికే జీవి అని విడమరిచి చెప్పాను. మీ అమ్మ అక్కడే ఉంది. "మీ తమ్ముడు పదేల్లు మనింట్లోనే తిన్నాడు, ఆడికి ఎవులూ మైనం ఎయ్యలేదేటి?" అంది. అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం అప్పటినుంచి మనింటికి రావడం లేదు.

పక్కింటి ఎల్లాజీ పెళ్ళాం మన దగ్గర తీసుకున్న గుడ్లు వెనక్కి తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. వాటిలో పురుగులు ఉంటాయట. మరీ మంచిది, అన్నీ నీకే. శుభ్రం ముఖ్యమన్నావు కదా, ఇక ఆ సంగతి నాకు వదిలెయ్యి. ఈ బుట్టలో గుడ్లు చూడు, అద్దంలా మెరుస్తున్నాయి. నీ పేరు నిలబెడతాను.

మీ నాన్న


గోపాలపట్నం,
12-7-1996

నాన్నా,

కోపం తెచ్చుకోకుండా రాయాలని కూర్చున్నాను. ఎంతవరకూ రాయగలనో చూడాలి.

మొదటి బుట్ట గుడ్లు బంగారంలా ఉన్నాయి. రెండో బుట్ట నుంచి సర్వనాశనం. ముప్ఫై ఆరు గుడ్లు పొదిగే పెట్టెలో పెడితే ఇరవై రెండు లోపల నల్లబడి కుళ్ళిపోయాయి. నిన్న ఒకటి పెట్టెలోనే పేలింది. ఆ కంపు నా జుట్టుకి పట్టి, గోపాలపట్నం వచ్చేదాకా బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మిగిలిన వాటిలో చుక్క వేస్తే మా జీవి బదులు ఏవేవో క్రిములు పెరుగుతున్నాయి. గురునాథరావు గారు, "మీ నాన్నగారి గుడ్లు చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉంటాయమ్మా, లోపల మాత్రం శవాలే" అన్నారు. అందరి ముందూ అన్నారు.

ఎండలో పెడుతున్నావా? పాత గుడ్లు కలుపుతున్నావా? అప్పలసూరి బుట్టని ఇంజను మీద పెడుతున్నాడా? ఏదో ఒకటి జరుగుతోంది. కనుక్కుని రాయి.

గౌరి


పద్మనాభం,
18-7-1996

అమ్మలూ,

మన కోళ్ళని అంత మాట అన్నారంటే నాకు అన్నం సయించలేదు. అయినా నువ్వు అడిగావు గనక అన్నీ కనుక్కున్నాను.

మొన్న నేనే అప్పలసూరితో బస్సెక్కి సగం దారి దాకా వచ్చాను, వాడు బుట్టని ఎలా తెస్తున్నాడో చూద్దామని. ఇంజను మీద పెట్టలేదు, పాపం ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నేను ప్రతి మలుపులోనూ బుట్ట తడుముతుంటే, "బావా, ఇంట్లో నాకు పుట్టిన గుంటల్నయినా ఇలగ ఎత్తుకోలేదు. ఇంకా అనుమానమేటి?" అన్నాడు. వాడి తప్పేం లేదు.

అప్పుడు నాకు పుంజు మీద అనుమానం వచ్చింది. ముసలిదైపోయింది. దాన్ని తీసేసి మన వెనక వీధి గురువులుగాడి ఇంటి నుంచి కొత్త పుంజుని తెచ్చాను. ఎర్రది, మెడ ఎత్తితే కలెక్టరులా ఉంటుంది. మీ అమ్మ, "పుంజు మార్సితే సాలా, పెట్టల్ని మార్సవా, నన్ను మార్సవా?" అంది.

ఇక శుభ్రం విషయంలో మునుపటికి రెండింతలు జాగ్రత్త తీసుకుంటున్నాను. ఈసారి చూడు.

మీ నాన్న


గోపాలపట్నం,
17-8-1996

నాన్నా,

కొత్త పుంజు వచ్చాక ఇంకా అన్యాయంగా ఉంది. ముప్ఫై ఆరింటిలో ఐదు మిగిలాయి. ఇప్పుడు మా జీవి రెండే రెండు గుడ్లలో ఉంది. గురునాథరావు గారు మాట్లాడటం కూడా మానేశారు. అంతకంటే తిట్టినా బాగుండేది. ఇరవై మూడు మంది ఆడవాళ్ళ రక్తం ఫ్రిజ్‌లో పెట్టుకుని ఉన్నాను. కొందరికి మూడుసార్లు కడుపు పోయింది. వారానికోసారి వచ్చి "తేలిందా అమ్మా?" అని అడుగుతారు. ఏం చెప్పను?

నీ ఉత్తరాలు చదువుతుంటే అన్నీ బాగున్నట్టే ఉంటుంది. గుడ్లు చూస్తే అన్నీ పోతున్నట్టు ఉంది. కాబట్టి ఒకటే అడుగుతున్నాను. కోడి గుడ్డు పెట్టినప్పటి నుంచి అది అప్పలసూరి చేతికి వెళ్ళేదాకా నువ్వు ఏం చేస్తున్నావో వరసగా రాయి. చిన్న పని కూడా వదలకు. కోళ్ళని పొగడకు. నన్ను పొగడకు. చేసేది మాత్రం రాయి.

గౌరి


పద్మనాభం,
19-8-1996

అమ్మలూ,

వరసగా రాస్తున్నాను.

పెట్ట గుడ్డు పెట్టి లేవగానే తీస్తాను. ఇంకా వెచ్చగా ఉంటుంది. నూతి దగ్గరికి పట్టుకెళ్ళి, తోడిన చల్లటి నీళ్ళలో పసుపు కలిపి అరగంట నానబెడతాను. కొబ్బరి పీచుతో మరక లేకుండా రుద్దుతాను. మళ్ళీ మంచినీళ్ళలో ముంచి, నా ఉతికిన తువ్వాలుతో తుడుస్తాను. నువ్వు కుళ్ళిపోతున్నాయని రాశాక రెండుసార్లు కడుగుతున్నాను. పసుపు క్రిముల్ని చంపుతుందని రేడియోలో చెప్పారు. ఆ తర్వాతే ఊకలో పెడతాను. అంతకు మించి శుభ్రంగా ఎవడు పంపుతాడో చెప్పు.

ఎందుకింత చేస్తున్నానో కూడా రాసేస్తాను. చిన్న పని కూడా వదలొద్దన్నావు కదా. నీకు ముందు మీ అమ్మకి ఇద్దరు పోయారు. ఐదో నెలలో ఒకరు, ఆరో నెలలో ఒకరు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని సీమంతాలకి పిలవడం మానేశారు. దాని కడుపే మంచిది కాదని మా అమ్మ నలుగురిలో అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే, అయ్యుండొచ్చని నాకూ అనిపించింది. నువ్వు పుట్టాక అందరూ మర్చిపోయారు. అది మర్చిపోలేదు.

ఫలానా దాని వల్ల పోయింది, నీ తప్పు కాదు అని కాయితం మీద రాసిచ్చే పరీక్ష ఒకటి ఉందని నువ్వు రాసినప్పుడు నేను ఊరంతా తిరిగి చెప్పానంటే, అందుకు. గుడ్లు కడుగుతున్నానంటే, అందుకు.

మీ నాన్న


గోపాలపట్నం,
20-8-1996, సాయంత్రం అప్పలసూరి చేతికి

నాన్నా,

కడగొద్దు. కడగొద్దు. కడగొద్దు.

గుడ్డు పెంకుకి వేల కన్నాలుంటాయి. వాటిని మూస్తూ కోడి ఒక పల్చటి పూత పూసి గుడ్డు పెడుతుంది. నువ్వు దాన్ని పీచుతో గీకేశావు. వెచ్చటి గుడ్డుని చల్లటి నూతి నీళ్ళలో వేస్తే అది లోపలికి పీల్చుకుంటుంది, నీళ్ళలోని క్రిముల్ని కూడా. పసుపు ఏం చెయ్యలేదు. రెండు నెలలుగా నువ్వు ఒక్కో గుడ్డునీ ప్రేమగా చంపి పంపావు.

శుభ్రమైనవి పంపమన్నాను. పెంట అంటనివి ఏరి పంపమని. శుభ్రం చేసి పంపమని కాదు. ఆ తేడా నేను రాయాల్సింది. రాయలేదు. ఆ తప్పు నాదే, అయినా నాకు కోపంగానే ఉంది.

ఇప్పుడు మా జీవి ఒకే ఒక్క గుడ్డులో మిగిలింది. ఎల్లుండికల్లా మార్చాలి. మార్చడానికి పది రోజులు పొదిగిన గుడ్డు నా దగ్గర ఒక్కటి కూడా బతికి లేదు. నువ్వు రేపు కడగని గుడ్లు పంపినా, వాటికి పది రోజుల వయసు వచ్చేసరికి ఇది చచ్చిపోతుంది. అయిపోయినట్టే అనుకుంటున్నాను.

అమ్మ సంగతి ఇప్పుడే చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

గౌరి


మీ లేబరేటరీ గేటు దగ్గర,
21-8-1996

అమ్మలూ,

వాచ్‌మన్ నన్ను లోపలికి పంపడం లేదు, చేతిలో కోడి ఉందని. అందుకని ఈ కాయితం పంపుతున్నాను.

మన నల్ల పెట్ట గుడ్ల మీద కూర్చుని ఈ రోజుకి పదకొండో రోజు. పన్నెండు గుడ్లు. నీ ఉత్తరం రాత్రే అందింది, పొద్దున్న మొదటి బస్సుకే కోడితో సహా బుట్ట ఎత్తుకుని వచ్చేశాను. దారి పొడవునా అది గుడ్ల మీదే కూర్చుంది. కండక్టరుని పొడిచింది గాని లేవలేదు. గుడ్లు వెచ్చగా ఉన్నాయి, చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి కడుక్కునే పెట్టాను.

వీటిని నేను కడగలేదు. మీ అమ్మ కడగనివ్వలేదు. "పొదిగీ గుడ్డుని కడుగుతారేటి, మతి గాని పోనాదేటి?" అని నేను నీ గుడ్లు కడగడం మొదలెట్టిన రోజే, రెండు నెలల కిందటే అంది. పొదిగేవి వేరు, అమ్మాయి గుడ్లు వేరు, అవి పరీక్షవి అన్నాను నేను.

తొందరగా రా. ఇది నన్ను కూడా పొడుస్తోంది.

నాన్న


గోపాలపట్నం,
7-9-1996

నాన్నా,

బతికింది.

పన్నెండు గుడ్లలో పదకొండు బాగున్నాయి. ఆ రోజు ఉన్న ఒక్క గుడ్డులోంచి తొమ్మిదింటిలోకి మార్చాను. ఏడింటిలో పట్టుకుంది. ఇప్పుడు కడగని గుడ్లు వస్తున్నాయి గనక ఇబ్బంది లేదు. ఒక్క ఈక అంటుకుని ఉన్నా దాన్ని కూడా అలాగే పంపుతున్నావు, ఈక తియ్యొచ్చు నాన్నా. ఈక తీస్తే ఏం కాదు. నువ్వు ఈ చివర లేకపోతే ఆ చివర.

గురునాథరావు గారు కోడిని గుడ్ల మీంచి లేపబోతే దాని ముక్కు ఆయన వేల్లోకి దిగింది. కట్టు కట్టుకుని, "ఈ డాక్టరమ్మ ఎవరమ్మా, చాలా కోపిష్టిది" అన్నారు. మూడు వారాల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఇరవై మూడు మందిలో నలుగురికి ఆ జీవి వచ్చినట్టు తేలింది. ఆ నలుగురికీ నేనే చెప్పాను. ఒకావిడ కాయితం అడిగింది, అత్తగారికి చూపిస్తుందట.

నీకు తెలుసో లేదో, మొన్న గురువారం బుట్ట పట్టుకుని అమ్మ లేబరేటరీకే వచ్చింది. అప్పలసూరికి జ్వరమని చెప్పింది. అప్పలసూరి ఆమె వెనకే నిలబడి ఉన్నాడు, నిక్షేపంలా. బుట్ట ఇచ్చేసి చెయ్యి చాపింది. "నాది కూడా సూడు" అంది. ఎన్నేళ్ళయినా తెలుస్తుందా అని అడిగింది. ఆ జీవి ఎప్పుడు వచ్చినా రక్తంలో గుర్తు ఉండిపోతుంది, ఆ రక్తంలో మా దగ్గరున్న జీవిని కలిపి నీలం రంగు వేస్తాం, జీవికి రంగు ఎక్కకపోతే వచ్చినట్టు, ఎక్కితే ఎప్పుడూ రానట్టు అని చెప్పాను.

"నీలం ఎక్కితే మరి నాదే తప్పన్నట్టా?" అంది.

కాదని ఎంత చెప్పినా విన్లేదు. చెయ్యి అలాగే చాపుకుని కూర్చుంది. రక్తం తీశాను.

గౌరి


గోపాలపట్నం,
20-9-1996

నాన్నా,

ఇది అమ్మకి చదివి వినిపించు. ఉన్నది ఉన్నట్టు చదువు.

నీలం ఎక్కింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఎక్కింది. ఆ జీవి అమ్మ ఒంట్లోకి ఎప్పుడూ రాలేదు. ఆ ఇద్దరూ ఎందుకు పోయారో మా పరీక్ష చెప్పలేదు. వేరే కారణాలు వంద ఉంటాయి, వాటికి ఇక్కడ పరీక్షలు లేవు.

గౌరి


పద్మనాభం,
24-9-1996

అమ్మలూ,

నీ కాయితం అందింది. నాలుగు ముక్కలే రాశావు. అరుగు మీద మీ అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను ఎదురుగా కూర్చుని చదివాను.

నీలం ఎక్కలేదు అని చదివాను.

నీకు కోపం వస్తుంది. ఉత్తరం మొదలుపెట్టినప్పుడు ఉన్నది ఉన్నట్టే చదవాలనుకున్నాను, ఒట్టు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మీ అమ్మ చేటలో చెయ్యి ఆపేసింది. ఇంక నా నోరు నా మాట వినలేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఎక్కలేదు అన్నాను. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేదు. ఆ జీవే ఇద్దర్నీ తీసుకుపోయింది, అమ్మ తప్పు ఇసుమంత కూడా లేదు, అప్పట్లో నానమ్మ ఆ మాట అన్నప్పుడు నాన్న నోరు విప్పి అడ్డుపడాల్సింది, పడకపోవడం పెద్ద తప్పు అని కూడా చదివాను. అలా రాశావని చదివాను.

పోర్టులో సరుకు ఒకటుంటే కాయితం ఇంకోలా చదివినవాణ్ణి పనిలోంచి తీసేసేవారు. నువ్వు ఏం చేసినా పడతాను. కానీ నువ్వు ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మ అడిగితే, ఎక్కలేదనే చెప్పు. నీకు నేను చదువు చెప్పించింది అబద్ధం ఆడటానికి కాదు, తెలుసు. అయినా అడుగుతున్నాను.

మీ అమ్మ చెయ్యి చాపి కాయితం తీసుకుంది. చదవడం రాదు కదా, అటూ ఇటూ తిప్పి చూసింది. "సిన్న కాయితమే. ఇన్ని మాటలు ఎక్కడ పట్టినాయి?" అంది.

అమ్మాయి చేతిరాత సన్నం అన్నాను.

కాయితం నా చేతికిచ్చి, "మల్లా సదువు" అంది.

మళ్ళీ చదివాను. మొదటిసారి ఎలా చదివానో అలాగే, ఒక్క మాట పొల్లుపోలేదు. అంతా వింది. విని, జీవి గురించి ఏమీ అడగలేదు, నీలం గురించీ అడగలేదు. నాన్న అడ్డుపడాల్సిందన్న ఆ ఆఖరి మాట ఒక్కటీ ఇంకోసారి చదవమంది.

చదివాను.

మీ నాన్న